పరాయి ఊళ్ళో ప్రభువు బల్ల



మా ఉద్దానం మనుషులకు ఊరు విడిచి వెళ్ళడం కొత్త కాదు. ఒకప్పుడు రంగూను, ఆ తరువాత ఖరగ్‌పూరు రైల్వే పనులు, ఇప్పుడు విశాఖపట్నం, హైదరాబాదు. జీడితోటలూ కొబ్బరితోటలూ వెనుక ఉండిపోతాయి. వెళ్ళేముందు విశ్వాసులు సంఘ కాపరిని అడిగే ప్రశ్న మాత్రం మారలేదు. "అయ్యగారూ, అక్కడ మన గుడి ఉందా?"

మన గుడి అంటే బాప్టిస్టు గుడి. 1874లో కాకినాడకు వచ్చిన కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు తరువాతి కాలంలో శ్రీకాకుళం, టెక్కలి, సోంపేటలలో పరిచర్య చేశారు. పుస్తకం చూసి ప్రార్థించే ఆంగ్లికన్ పద్ధతి మావారికి పరిచయం లేదు. అది మచిలీపట్నం, దోర్నకల్, నంద్యాల వైపున వేళ్ళూనిన సంప్రదాయం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికనులతో మెథడిస్టులు, మరికొందరు కలిశారు గాని బాప్టిస్టులు కలవలేదు. అందుచేత పట్నంలో పాత ఆంగ్లికన్ దేవాలయం పక్కవీధిలోనే ఉన్నా మావారి అడుగు గుమ్మం దగ్గర ఆగిపోతుంది.

2011లో మా సంఘంలోని ఒక కుటుంబం విశాఖపట్నం వెళ్ళవలసి వచ్చింది. ఆయనది జీడిపిక్కల బట్టీలో పని. రెండు మూత్రపిండాలూ పాడైనవి. మా ప్రాంతంలో ఎందరినో పట్టి పీడిస్తున్న ఈ వ్యాధికి మూలకారణం ఇదని నేటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం ఆస్పత్రి దగ్గరలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. నేను థియాలజీ డిప్లొమా ముగించుకొని పరిచర్యకు వచ్చిన తొలి సంవత్సరాలవి. వారు ముంచుడు బాప్తిస్మము పొందిన సభ్యులనీ, ప్రభువు బల్లలో పాలు పొందుతున్నవారనీ ఒక ఉత్తరం రాసి ఇచ్చాను.

మొదట వెళ్ళిన గుడిలో వారు కూర్చున్న బెంచీ ఎవరిదో కుటుంబానిదట. లేచి వెనుకకు వెళ్ళమన్నారు. యాకోబు పత్రిక రెండవ అధ్యాయం ఆ గుడిలో ఎన్నిసార్లు చదివి ఉంటారో!

రెండవది ఇంగ్లీషువారి కాలం నాటి పాత దేవాలయం. ఆ ఆదివారం తరువాత ఆ సహోదరి నాకు ఫోను చేసింది. "లెగడం, కూకోడం, మోకరించడం ఎక్కువండి అయ్యగారూ. ఏ పేజీలో ఉన్నారో తెల్లేదు. పక్కనున్న పిల్ల వేలెట్టి చూపించింది" అన్నది. ఆమెకు చదువు అంతంతమాత్రం. ఆ పిల్ల నాలుగు ఆదివారాలు అలాగే చూపించిందట. అయిదవ ఆదివారానికి ఈమెకు చాలా భాగం కంఠతా వచ్చింది. అచ్చువేసిన ప్రార్థనలో జీవం ఉండదని మన ప్రసంగీకులు తరచు అంటూ ఉంటారు. నాకు అది పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. ప్రార్థన నోటికి రాని రోజున, భర్త పక్కన నీరసంగా ఒరిగి ఉన్న రోజున, ఆమెకు ఆ మాటలే ఊతమయ్యాయి.

అయితే ఆయనకు ఒక భయం ఉండేది. మన గుళ్ళలో చిన్న చిన్న గ్లాసులు బెంచీల దగ్గరకే తెచ్చి ఇస్తారు. అక్కడ బలిపీఠం ముందు వరుసగా మోకరించాలి, అందరూ ఒకే పాత్రలో తాగాలి. కిడ్నీ జబ్బు అంటువ్యాధి కాదు. అయినా ఆ పేరు వింటే మా ఊళ్ళలో పెళ్ళి సంబంధాలే వెనక్కి పోతున్నాయి. చేతిమీద సూదుల గుర్తులు చూసి తన వెనుక ఎవరూ తాగరేమోనని ఆయన రెండు నెలలు బల్లకు వెళ్ళలేదు. ప్రెస్బిటరు గారు గదికి వచ్చి నా ఉత్తరం చదివి, "నిర్ధారణ పొందలేదని సందేహించకండి, మీరూ ప్రభువు బల్లకు రావచ్చు" అని చెప్పి వెళ్ళారు. ఆ నెల ఆయన వెళ్ళి మోకరించాడు. పక్కన ఒక వృద్ధురాలు, రిటైరైన టీచరమ్మ. ఆయన పెదవులు తాకిన పాత్రనే ఆమె అందుకొని తాగింది. అంతే, మరేమీ జరగలేదు. కాని ఆ రాత్రి ఫోనులో ఆయన చాలాసేపు మాట్లాడలేకపోయాడు.

ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ వి.ఎస్. అజరయ్య గారు. 1912లో దోర్నకల్‌కు బిషప్‌గా అభిషేకం పొందిన ఆయన కూడా తిరునెల్వేలి నుండి తెలుగువారి మధ్యకు వచ్చిన పరాయివాడే. 1910లో ఎడింబరో మహాసభలో మిషనరీల త్యాగాన్ని కొనియాడి, మాకు మీ స్నేహం కూడా కావాలని నిర్మొహమాటంగా అడిగాడు. దక్షిణ ఇండియా సంఘం వారు 1950లో తెచ్చిన సంస్కార క్రమంలో, కేరళ సిరియను సంఘాలవారి నుండి తీసుకున్న ఒక ఆచారం ఉంది. బలిపీఠం దగ్గర మొదలై, ఒకరి అరచేతులు మరొకరు పట్టుకొని, సమాధానము చివరి బెంచీ దాకా సాగాలి. క్రమం పుస్తకంలో ఉన్నది. చేతులు చాపడం మనుషుల పని.

మన బాప్టిస్టు గుళ్ళు దీనికి మినహాయింపని అనను. కొత్తవారిని నవ్వుతూ పలకరిస్తాం, రెండవ మాటలోనే "మీరు ఏ ఇంటోళ్ళు?" అని అడిగి కులం కనుక్కుంటాం.

2013లో ఆ సహోదరుడు ప్రభువునందు నిద్రించాడు. ఆ సంఘంవారు వ్యాను కట్టించుకొని మా ఊరు వచ్చారు. వారి ప్రెస్బిటరు గారు సమాధి క్రమం చదివారు, నేను మా అలవాటు ప్రకారం ప్రార్థించాను. అప్పట్లో పలాసలో పెద్ద ఆస్పత్రి లేదు. అక్కడి కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండువందల పడకల ఆస్పత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైనవి.

ఆ సహోదరి ఇప్పుడు మా సంఘంలోనే ఉన్నది. మావాళ్ళెవరూ ఆమేన్ అనని చోట ఒక్కతే గట్టిగా ఆమేన్ అంటుంది, పిల్లలు నవ్వుతారు. కిందటి నెలలో ఒడిశా నుండి బట్టీ పనికి వచ్చిన దంపతులు గుడిలో వెనుక నిలబడి ఉంటే, ఆమె లేచి వెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకొని తన చాపమీద కూర్చోబెట్టుకున్నది. వారికి తెలుగు సరిగా రాదు. పాటల పుస్తకం తెరిచి, వరుస కింద వేలు పెట్టి చూపిస్తూ పోయింది.