చెవితో చదివే చదువు

మన గోడ పత్రికలో ఇంతవరకు కథలు, పాటలు, పొడుపు కథలు వచ్చాయి. నేను నా చదువు గురించి చెప్తాను. నేను చెప్తుంటే మా తరగతి మిత్రుడు రాసిపెట్టాడు. మాటలు నావి, చేతిరాత వాడిది.

నాకు అక్షరాలు తొందరగా పట్టుబడవు. మ, య ఒకలాగే కనిపిస్తాయి. ప రాయబోతే వ పడుతుంది. వత్తులు జారిపోతాయి. నేను ఒక పేజీ చదివేసరికి పక్కవాడు పాఠమంతా పూర్తి చేస్తాడు. కానీ సారు పాఠం చెప్తే మాత్రం మళ్లీ మొత్తం చెప్పగలను. ఇంట్లో కోయ మాట్లాడతాం కాబట్టి తెలుగు రావట్లేదని కొందరన్నారు. మా ఊరి నుంచి నాతో వచ్చినవాళ్ల ఇళ్లల్లో కూడా కోయే కదా, వాళ్లు గడగడా చదువుతారు. మొద్దు అని పిలిచినవాళ్లూ ఉన్నారు. ఆ మాట విన్న రోజు అన్నం సహించేది కాదు.

మండలంలోని భవిత కేంద్రం నుంచి వచ్చే సారు నాతో చదివించి, రాయించి చూశారు. తర్వాత పెద్దాసుపత్రికి పంపించారు. అక్కడ దీన్ని డిస్లెక్సియా అంటారని చెప్పారు. కళ్లు బాగానే ఉన్నాయి, తెలివీ బాగానే ఉంది, అక్షరాన్ని శబ్దంతో కలపడమే ఆలస్యం. 1995 నాటి వికలాంగుల చట్టంలో దీని ఊసే లేదు. 2016 చట్టంలో 21 రకాల వైకల్యాలు చేర్చినప్పుడు ఇదీ చేరింది.

ఆ సారు నేర్పిన పద్ధతులు చెప్తాను. ఎవరికైనా పనికొస్తాయి.

ఒకటి, అట్టముక్కకు ఒక్క వరుస కనబడేంత సందు కోసి పేజీ మీద జరుపుతూ చదవాలి. పై వరుస, కింది వరుస కలిసిపోవు. రెండు, కష్టమైన అక్షరాన్ని ఇసుకలో వేలితో పెద్దగా దిద్దుతూ పైకి పలకాలి. మూడు, ఒకరు చదివితే విని, పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పాలి. నేను ముందు కోయలో చెప్తాను, తర్వాత తెలుగులో. నాలుగు, అదే పాఠం మర్నాడు ఒకసారి, వారం పోయాక ఒకసారి చూడకుండా చెప్పాలి. నాకు చదివి వినిపించే మిత్రుడికి కూడా సాంఘికం బాగా వచ్చేసింది!

పరీక్షకు కూడా దారి ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉండి రాయలేనివాళ్లకు రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని, గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా ఎక్కువ టైము ఇవ్వాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. సర్టిఫికెట్ ముందే తెచ్చుకోవాలి. పరీక్షల ముందు పరుగెత్తితే పని కాదు.

గౌరవనీయులైన వార్డెన్ సారు గారికి ఒక మనవి. రాత్రి స్టడీ అవర్‌లో అందరూ నిశ్శబ్దంగా ఉండాలన్నది మంచి రూలే. కానీ నిశ్శబ్దంలో నాకు చదువు రాదు. స్టోర్ రూము పక్క వరండాలో లైటు ఉంది. అక్కడ మా ఇద్దరికి పైకి చదువుకునే అనుమతి ఇవ్వండి. ఎవరికీ ఇబ్బంది లేకుండా మెల్లగానే చదువుతాం. ఈ ఏడు నాకు పది పరీక్షలు. నేను పాసైతే మా ఇంట్లో పది దాటిన మొదటివాణ్ని అవుతాను.

తమ్ముళ్లూ, మీలో ఎవరికైనా అక్షరాలు జారిపోతుంటే దాచుకోకండి. వచ్చి చెప్పండి. అట్టముక్క నేనే కోసిస్తాను.

— పదో తరగతి విద్యార్థి