వంటింటి బల్లమీద రౌటర్లు

మన పత్రికకి ఆడవాళ్ళు వంటలూ, పండుగలూ తప్ప వేరే రాయరన్న మాట పోయిన సంక్రాంతి సంబరాల్లో మా చెవిని పడింది. అందుకని వంటింటి బల్ల గురించే రాస్తున్నాం. కాకపోతే దానిమీద మేము తరిగినవి కూరలు కావు.

మేము ముగ్గురం, న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఒకే అపార్ట్‌మెంట్ల సముదాయంలో వుంటున్నాం. ఇద్దరం ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు చదివాం, ఒకరం ఎమ్మెస్సీ ఫిజిక్సు. ముగ్గురమూ పెళ్ళి చేసుకుని హెచ్-4 వీసా మీద దిగినవాళ్ళమే. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదని పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. 2015 మే 26 నుంచి, భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం కొంతదూరం నడిచినవాళ్ళకి పనిచేసుకునే కార్డు ఇవ్వడం మొదలైంది. అది మా చేతికొచ్చేసరికి చదువు తుప్పు పట్టిపోయింది. మాలో పెద్దావిడకి (ఆవిణ్ణి మేము అక్కయ్య అంటాం) పట్టా పుచ్చుకున్న రోజుకీ, మొదటి దరఖాస్తు పెట్టిన రోజుకీ మధ్య పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళలో ఇద్దరు పిల్లలు పెరిగారు గాని, రెజ్యూమేలో వాళ్ళని రాసుకునే గడి లేదు.

2022 చలికాలంలో సిసిఎన్ఏ పరీక్షకి కూర్చుందామనుకున్నాం. సిస్కో వాళ్ళు 1998లో మొదలుపెట్టిన పరీక్ష ఇది. 2020 ఫిబ్రవరిలో సిలబసు మార్చి ఒక్క పేపరు చేశారు. రెండు గంటలు, 300 డాలర్లు. ఎన్ని మార్కులొస్తే ప్యాసో చెప్పరు. కష్టమైన ప్రశ్న వదిలేసి మళ్ళీ వద్దామంటే కుదరదు, దాటితే దాటినట్టే. ప్యాసయినా మూడేళ్ళే చెల్లుతుంది. ఫీజు కోసం ముగ్గురం నెలనెలా చీటీ వేసుకుని ఖాళీ ఆవకాయ డబ్బాలో దాచాం. మగవాళ్ళని అడిగితే ఇవ్వరని కాదు, అడగాలనిపించలేదు.

పిల్లల్ని స్కూలు బస్సెక్కించి తొమ్మిదింటికి కూర్చునేవాళ్ళం. మొదటి నెలంతా సబ్‌నెట్టింగే తినేసింది. 256 చిరునామాలున్న నెట్‌వర్కుని నాలుగు ముక్కలు చేస్తే ముక్కకి 64 రావాలి. కాని వాడుకోవడానికి 62 మాత్రమే మిగులుతాయి. మొదటిది ఆ ముక్క పేరుకి, ఆఖరిది అందర్నీ ఒకేసారి కేకేయడానికి. ఇది బుర్రకెక్కక ఏడుస్తుంటే అక్కయ్యే దారి చూపించింది. వాళ్ళ నాన్నగారు గుంటూరు దగ్గర ఎకరం పొలం ప్లాట్లు వేశారట. నూరు సెంట్లూ అమ్ముకోవచ్చనుకుంటే రోడ్లకి పోను మిగిలినదే లెక్కకొచ్చింది. ఆ రోజు నుంచి మాకు ప్రతి నెట్‌వర్కూ ఒక లేఅవుటే.

కంప్యూటరు తెరమీదే సాధన చేసుకోవడానికి ప్యాకెట్ ట్రేసర్ అని ఉచితంగా దొరుకుతుంది. అయినా చేత్తో ముట్టుకోవాలన్న కోరిక కొద్దీ రెండు పాత రౌటర్లూ, ఒక స్విచ్చీ సెకండ్‌హ్యాండులో కొన్నాం. వాటి ఫ్యాన్ల రొదకి, ఇంట్లో విమానం దిగిందా అని మా చిన్నదాని భర్త అడిగాడు.

రెండు రౌటర్లనీ కేబులుతో కలిపాం, చిరునామాలిచ్చాం, పింగ్ కొట్టాం. జవాబు లేదు. కేబులు మార్చాం. చిరునామాలు మళ్ళీ లెక్కేశాం. అమ్మినవాడు పాడైనవి అంటగట్టాడేమోనని తిట్టుకున్నాం. పన్నెండు దాటాక 'షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్' అని కొడితే, మేము కేబులు పెట్టిన పోర్టుకి ఎదురుగా 'అడ్మినిస్ట్రేటివ్లీ డౌన్' అని కనిపించింది. అంటే అది పాడవలేదు, కేబులు వూడలేదు. లెమ్మని ఎవరూ చెప్పలేదు గనుక పడుకుని వుంది. ఆ రౌటర్లలో పోర్టులు మొదట మూసే వుంటాయి, 'నో షట్‌డౌన్' అని మనం చెప్పాలి.

అక్కయ్య ఆ మాట రెండుసార్లు పైకి చదివింది. "ఇన్నేళ్ళూ, ఏం చేస్తున్నావమ్మా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట దొరికేది కాదు. ఇదేనర్రా ఆ మాట," అంది. ముందు నవ్వాం. తరవాత కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు. కుక్కరు కూత పెడితే లేచాం.

రెండు వైపులా 'నో షట్‌డౌన్' కొట్టాక మళ్ళీ పింగ్ పంపితే ఒక చుక్కా, నాలుగు ఆశ్చర్యార్థకాలూ వచ్చాయి. అయిదింట్లో మొదటిది దారిలో పోయింది. అవతలివాడి ఇల్లెక్కడో వాకబు చేసే లోపల మొదటి పాకెట్టు పోవడం మామూలేనట. కొత్త వూళ్ళో ఎవరికి మాత్రం తప్పింది?

ఇక డంపుల సంగతి దాచడం ఎందుకు? మా మేలు కోరే ఒక అన్నయ్యగారు పరీక్షలో వచ్చిన ప్రశ్నలంటూ ఒక ఫైలు పంపారు. "ఇది బట్టీ కొట్టండమ్మా, వారంలో అయిపోతుంది," అన్నారు. మేము పుణ్యాత్ములమేం కాదు, తెరిచాం. రెండు రాత్రులు చదివాం. మూడోరోజు మా చిన్నది "జవాబు 'సి' ఎందుకయింది?" అంది. ఎవరికీ తెలియలేదు. రౌటర్ల మీద పెట్టి చూస్తే అది 'సి' కానే కాదు. ఫైలు తప్పు. అప్పుడు సిగ్గూ, భయమూ కలిసి వచ్చాయి. రేపు ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవాడు కూడా ఇదే అడుగుతాడు గదా! ఫైలు తీసేశాం. అన్నయ్యగారికి మాత్రం థాంక్సే చెప్పాం.

2023 మేలో వారం తేడాలో ముగ్గురం వెళ్ళాం. జేబులు తిరగేసి చూపించమన్నారు, కళ్ళద్దాలు కూడా తీయించి చూశారు. ఇద్దరం గట్టెక్కాం. అక్కయ్య ఒక ప్రశ్న దగ్గరే చాలాసేపు ఆగిపోయి, టైము చాలక తప్పింది. కారులో ఇంటిదాకా ఏమీ అనలేదు. దిగేటప్పుడు, "నా వాటా వృథా చేశానర్రా," అంది. మర్నాడు ఆవకాయ డబ్బా తీసుకెళ్ళి వాళ్ళ బల్లమీద పెట్టాం. అందులో 300కి ఇరవై తక్కువుంది. ఆ ఇరవై ఎవరు కలిపామో ఇక్కడ రాయం. ఆగస్టులో ఆవిడా ప్యాసయింది.

ఇప్పుడు చిన్నది ఒక ఆసుపత్రిలో నెట్‌వర్కు చూసే రాత్రి డ్యూటీ చేస్తోంది. అక్కయ్య ఒక స్కూలు జిల్లాలో చేరింది. మూడో మనిషి ఇంకా ఇంటర్వ్యూలకి తిరుగుతూనే వుంది. గడువు దగ్గర పడుతోంది గనుక పాత పుస్తకాలు మళ్ళీ దులిపాం.

పోయిన సోమవారం పక్క బ్లాకు అమ్మాయి వచ్చింది. పెళ్ళయి ఆర్నెల్లు. రౌటర్లు బల్లకెక్కించి, కేబుళ్ళు చేతికిచ్చాం. గంటసేపు కుస్తీపట్టి, "అక్కా, అన్నీ సరిగ్గానే వున్నాయి. పింగ్ వెళ్ళడం లేదేం?" అంది.

కాఫీ పెట్టుకోవడానికి లేచాం. ఏమీ చెప్పలేదు.