చీటీ లేని ఎముక

మా మేనమామ నిజాముల కాలమున అడవిశాఖలో కొలువు చేయుచు, ఆసిఫాబాదు మొదలు ప్రాణహిత ఒడ్డు వరకు గల టేకు అడవులలో 18 సంవత్సరములు తిరిగి, కడపట మా అమ్మకు అప్పగించిపోయినది ఒక టేకుపెట్టె; అందులో ఉండినవి 23 రాళ్ళు. కొన్నిటికి దళసరి కాగితపు చీటీలు నూలుదారముతో కట్టబడియుండెను. కొన్నిటికి చీటీలు లేవు. అట్టడుగున, మూరెడు పొడవు కలిగి, ఒక చివర ఉబ్బి, రెండవ చివర విరిగి, ఇనుము వలె బరువైన నల్లని రాయిని మా యింటివారందరు ‘రాక్షసి ఎముక’ అని పిలిచెడివారు. నాకు పదియేండ్ల ప్రాయమున, దసరాకు ముందు అమ్మ ఇత్తడి సామాను తోముచుండగా, నేనును ప్రక్కన కూర్చుండి, ఆ రాతికి పట్టియున్న మట్టిని, సున్నపు పెచ్చులను చింతపండుతో నానబెట్టి, కొబ్బరిపీచుతో రుద్ది, నిగనిగలాడునట్లు చేసి మామయ్యకు చూపితిని. ఆయన కోపింపలేదు. “చీటీ చింపేసినవ్ గదరా” అని మాత్రము అని, దానిని గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టెను.

ఆ రాతికి ఏ చీటీయు ఉండలేదు గదా, నేను చింపినదేమి అని నాడు నాకు తోచలేదు. ఆ మాట బోధపడుటకు నాకు 60 సంవత్సరములు పట్టినది. బోధపడిన తరువాత ఇంట నిలువబుద్ధి కాక, పెట్టెను వెంటబెట్టుకొని, గడచిన యొక మాఘమాసమున ప్రాణహిత తీరమునకు ప్రయాణమైతిని.

నేను లెక్కలు బోధించి జీవించినవాడనే గాని శిలాజశాస్త్రము చదివినవాడను కాను. తోడుగా వచ్చినవారు మా వియ్యంకులు. భూగర్భశాస్త్రము బోధించి విరమించినవారు, రాతిని చూచినంతనే పేరు చెప్పుటకు ఎన్నడును తొందరపడనివారు. రైలెక్కుటకు ముందు వారు నన్ను హైదరాబాదులో బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలకు తీసికొనిపోయిరి. అచ్చట నిలువబెట్టియున్న కోటసారస్ అను మహాసరీసృపపు అస్థిపంజరము ప్రాణహిత లోయలోని యామనపల్లి చేరువ దొరికినది. 1988లో యాదగిరిగారు దానికి నామకరణము చేసిరి. అది ఒక్క జంతువు ఎముకలతో నిలిచినది కాదనియు, కనీసము 12 జంతువులకు చెందిన 840 ఎముకలు ఒకేచోట దొరకగా వానినుండి కూర్చినదనియు, తల దొరకలేదు గనుక తల మాత్రము ఊహించి చేసినదనియు వియ్యంకులు చెప్పుచుండగా, నేను కటకటాల కీవల నిలిచి, నా సంచిలోని ఎముకను ఆ కాళ్ళతోను, ఆ ప్రక్కటెముకలతోను మనస్సులోనే పోల్చుకొనుచుంటిని. “పోలిక కన్నుకు తోచును బావగారూ, కాని కన్ను తనకు కావలసినదే చూచును; మొదట ఇది ఎముక యగునో కాదో తేల్చుదము” అని వారనిరి.

ఆ పరీక్ష ఆవరణలోని వేపచెట్టు క్రింద జరిగినది. విరిగిన చివరను నీటితో తడిపి, పది రెట్లు పెద్దదిగా చూపు భూతద్దము నా చేతికిచ్చి, కంటికి ఆనించి రాతినే దగ్గరకు తెచ్చుకొనుమనిరి. అంచున వేలి మందపు గట్టిగోడ. దాని లోపల, ఈగ కాలైనను దూరని సన్నని గదులు, తేనెపట్టు వలె, జొన్నరొట్టెను విరిచినపుడు కనబడు బుడగల వలె, ఒకదాని నొకటి అంటుకొని యుండెను. ఆ గదులలో స్ఫటికపు ధూళి మెరసెను. కట్టె రాయిగా మారినదైనచో వలయములు, నిలువు నాళములు కనబడవలెను. ఇందు అవి లేవు. ఎముక రంధ్రములు తడిని పీల్చును గనుక నాలుకకు అంటుకొనునని పలువురు సేకర్తలు చేయు పరీక్షను గూడ చేసి చూచితిమి, అంటుకొనలేదు. గదులన్నియు ఖనిజముతో నిండిన ఎముక అంటుకొనకపోవచ్చుననియు, ఒట్టి సుద్దమట్టి సయితము అంటుకొనుననియు, అందుచేత నాలుక చెప్పిన సాక్ష్యము ఒంటరిగా చెల్లదనియు వారు చెప్పిరి. ఎముక యనుట మాత్రము స్థిరపడినది.

రాత్రి రైలులో నిద్ర పట్టలేదు. మా నాయనమ్మ దేవుని పెట్టెలోని సాలగ్రామమే నేను ముట్టిన మొదటి శిలాజమని నాకు తోచినది. గండకీనదిలో దొరకు ఆ నల్లరాతిలోని చక్రము, హిమాలయములు పుట్టకముందు అచ్చటి సముద్రమున నత్తవలె చుట్టుకొన్న గుల్లతో ఈదిన అమ్మొనైటు అను జీవి ముద్ర. భక్తికి దానిచేత లోటు లేదు. ఆ చక్రము వెనుక ఒక సముద్రమున్నదని తెలిసిన పిమ్మట నాకు గౌరవము హెచ్చినదే గాని తగ్గలేదు. ఉలితో చక్రము చెక్కిన రాళ్ళను అమ్మువారు నేటికిని కలరు. వియ్యంకులతో ఈ మాట చెప్పగా, వారు ఇంగ్లండులోని పిల్ట్‌డౌన్ కథ ఎత్తుకొనిరి: 1912లో గులకనేలలో దొరికినదని ప్రకటింపబడిన ఆదిమానవుని పుర్రె, 1953లో మనిషి కపాలమును ఒరంగుటాన్ దవడను జతచేసి, పళ్ళను ఆకురాయితో అరగదీసి, రంగు పట్టించిన కూటమని తేలినది. ఆ గుట్టు బయటపడుటకు తోడ్పడినది ఫ్లోరిన్ పరీక్ష. భూమిలోని నీటినుండి ఎముక ఫ్లోరినును మెల్లమెల్లగా గ్రహించును. ఒకేచోట ఒకే కాలము పండుకొన్న ఎముకలలో దాని పాలు ఇంచుమించు సమముగా ఉండవలెను. పిల్ట్‌డౌన్ ఎముకలలో అది ఆ నేల వయస్సుకు తగినట్లు లేదు. “దొంగసాక్షిని పట్టుకొన్నది మట్టి” అని వారు చెప్పి అటు తిరిగి పండుకొనిరి. నేను చింతపండు సంగతి తలచుకొనుచు కిటికీవైపు చూచుచుంటిని.

మంచిర్యాలలో దిగి, చీటీలు చదువగలవారిని వెదకితిమి. ఏలయన అవన్నియు ఉర్దూలో, అందును గొలుసుకట్టు దస్తూరితో వ్రాయబడినవి. నాటి కొలువులలో రాతకోతలన్నియు ఆ భాషలోనే జరుగుచుండెను. ఉర్దూ బోధించి వృద్ధులైన యొక ఉపాధ్యాయులు తమ యింటి అరుగుమీద మమ్ము కూర్చుండబెట్టి, చాయ్ తెప్పించి, కళ్ళద్దములు రెండు మారులు తుడుచుకొని, ఒక్కొక్క చీటీ చదువనారంభించిరి. “మలేరీ. నాలే కే కినారే. బారిష్ కే బాద్. 1352 ఫసలీ.” అనగా, మలేరి గ్రామము, వాగొడ్డున, వాన వెలిసిన పిమ్మట, 1942–43 సంవత్సరమున. “మీ మామూ పక్కా మనిషి సాబ్, వానగూడ రాసిండు” అని ఆయన మెచ్చుకొనిరి. నిజమే, వాన మట్టిని కడిగి రాతిని బయటపెట్టినదని, ఎవరో తెచ్చి పారవేసినది కాదని, ఆ ఒక్క మాట చెప్పుచున్నది.

ఆ చీటీ కట్టియున్న రాయి బొటనవ్రేలంత లేదు. విసనకర్ర వలె విప్పారి, ఒకవైపు అయిదు గట్లు దేరి, గోధుమవన్నెతో మెరయుచుండెను. దానిని చూడగానే వియ్యంకుల ముఖము వెలిగినది; “సెరటోడస్ పన్ను” అనిరి, ఆ యాత్రలో వారు తడువుకొనక చెప్పిన పేరు అదియొక్కటే. మలేరి ఎర్రమట్టి 22 కోట్ల సంవత్సరముల నాటిది. నాగపురమున మతప్రచారకుడుగా ఉండిన స్టీఫెన్ హిస్లప్, వృత్తిచేత శాస్త్రజ్ఞుడు కాకయే, ఇట్టి పళ్ళను ఆ మట్టినుండి సేకరించెను. 1859లో ఓల్డ్‌హామ్ వానిని వర్ణించెను. అట్టి చేపను బ్రతికియుండగా చూచిన పండితుడు అప్పటికి లేడు. పళ్ళు తప్ప మరేమియు తెలియక, అది సొరచేపల బంధువని పండితులు తలచుచుండిరి. 1870లో ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండు నదినుండి వచ్చిన యొక చేప నోరు తెరచి చూచిన క్రెఫ్ట్ అను పండితునకు అవే విసనకర్ర పళ్ళు కనబడినవి! ఊపిరితిత్తితో గాలి పీల్చు చేప యది. హిస్లప్ ఆ వార్త వినలేదు. 1863లోనే వాగు దాటుచు మునిగి మరణించెను. మలేరిలోని మరియొక ప్రాచీన సరీసృపము పరాసూకస్ హిస్లపీ అను పేరుతో ఆయనను నేటికిని తలచుచున్నది. నా మామయ్యకు హిస్లప్ పేరు తెలిసియుండునని నేననుకొనను; ఐనను ఎనుబదియేండ్ల యెడముతో ఇద్దరును ఒకే నేలను వంగి చూచిరి.

మరునాడు చెన్నూరు దాటి, వంతెనమీదుగా ప్రాణహితను దాటి, సిరొంచ చేరితిమి. నది మాఘమునకే సన్నగిల్లి, ఇసుకతిన్నెల నడుమ నీలపు పాయలుగా పారుచుండెను. ఒకప్పుడు ఈవల నిజాము రాజ్యము, ఆవల ఆంగ్లేయుల చాందా జిల్లా. నేడు ఈవల తెలంగాణము, ఆవల మహారాష్ట్రము. భాష మాత్రము రెండు ఒడ్డులను తెలుగే. దిగువన కాళేశ్వరము చెంత ఈ నది గోదావరిలో కలియును. ఈ ప్రాంతములోనే పోచంపల్లి అను గ్రామము చేరువ, చీరల పోచంపల్లి కాదు, భారతీయ సాంఖ్యకశాస్త్ర సంస్థవారు మరియొక జాతి మహాసరీసృపపు ఎముకలను సుమారు 300 వెలికితీసి, 1975లో బారాపాసారస్ టాగోరీ అని పేరిడిరి. తొడయెముక ఒక్కటే 1.7 మీటర్లు, వంగభాషలో ‘పెద్దకాలు’ అనుటకు ఆ పేరు, రెండవ మాట రవీంద్రుని శతజయంతి జ్ఞాపకము.

ఇసుకలో నడచుచుండగా నా గుండె కొంత జారినది. మా పెట్టెలో ‘రాక్షసిబల్లి గుడ్డు’ అని పేరుపడి, నేను ముగ్గురు మనుమలకు కథలు చెప్పిన గుండ్రని రాయి వంటివి ఆ యొడ్డున పదులకొలది పడియుండెను. వియ్యంకులు ఒక విరిగినదానిని చూపిరి: నడుమ చిన్న గులక, దానిచుట్టును ఉల్లిపొరల వలె ఖనిజము పేరుకొన్న వలయములు. గుడ్డైనచో పైన అంతట ఒకే మందముతో పెంకు ఉండవలెను, ఆ పెంకున సూక్ష్మరంధ్రములుండవలెను. వానిలో ఏదియు దీనికి లేదు. ఫెర్న్ ఆకని మేము భ్రమించిన నల్లని కొమ్మల ముద్రయు, ఈనె లేని ఆకుండదు గనుక, రాతి సందులలో మాంగనీసు నీరు వ్రాసిన బొమ్మయే యైనది. 23 రాళ్ళలో 11 ఈ విధముగా రాలిపోయినవి. మామయ్య వానికి చీటీ కట్టలేదని అప్పుడు గమనించితిని.

సిరొంచకు ఉత్తరమున కొన్ని మైళ్ళలో కోట గ్రామము. ఈ పల్లె పేరనే 18 కోట్ల సంవత్సరముల నాటి రాతిపొరలను లోకమంతటి పండితులు కోట పొరలందురు. ఇచ్చటి సున్నపురాతిలోని చేపలను గూర్చి 1850ల నాటికే లండనులో వ్రాయబడినది. రాయి కదలింపము, చూచి వ్రాసికొందుమని ముందే నిశ్చయించుకొని పోయితిమి. ఒక యింటి ముందు బట్టలుతుకు బండగా వేసిన పలక అంచున, చింతగింజకన్న చిన్నవై, నలుచదరపు మూలలతో, లక్క పూసినట్లు నల్లగా మెరయు బిళ్ళలు వరుసగా పరచియుండెను. నేను మోకాళ్ళపై వంగి చూచుచుండగా, లోపలినుండి వచ్చిన ముసలమ్మ, “ఏం జూస్తున్నవ్ కొడుకా?” అని అడిగెను. “ఇవేమిటో తెలియునా అమ్మా?” అంటిని. ఆమె తడిచేతితో ఆ వరుసను నిమిరి, “పొలుసులు గావా? ఇట్ల దువ్వితే నున్నగున్నయ్, అట్ల దువ్వితే గరుకున్నయ్. చాపకు గట్లనే ఉంటయ్” అని చెప్పెను. వియ్యంకులు ఆమెకు రెండు చేతులు జోడించిరి. “ఈ బండ ఎక్కడిదమ్మా?” అని వారడుగగా, ఆమె ఒడ్డుకు చేయిచూపి, తన అత్త కాపురమునకు వచ్చినపుడు మామ ఎడ్లబండిమీద తెచ్చినదని, బండి ఇరుసు విరిగినదని, ఆ తావు నేటికిని చూపగలనని చెప్పెను. చీటీ యనగా అదియే.

ఆ రాత్రి సిరొంచ వసతిగృహమున దీపము క్రింద నా ఎముకను మరల పరీక్షించితిమి. విరిగిన చివర లోతైన యొక గుంటలో, నా కొబ్బరిపీచు చేరలేని తావున, ఆవగింజంత మట్టి మిగిలియుండెను. సూదిమొనను తాకనీయక, భూతద్దముతో మాత్రమే చూచితిమి, ఎర్రగా ఉండెను. “మలేరిదా?” అని ఆశతో అడిగితిని. వియ్యంకులు చాలసేపు మాటలాడలేదు. ఎర్రమట్టి మలేరిలోను కలదు, దానిపై ధర్మారపు పొరలలోను కలదు, కోటపొరలలోను కలదు. ఈ లావు ఎముకను బట్టి తరువాతి రెండింటిలో ఒకటి కావచ్చునని తోచుచున్నది. కాని అది తోచుట మాత్రమే. నాడు నేను తోమి పారబోసిన మట్టిలో ఇసుకరేణువుల పరిమాణమును, సున్నపు పాలును, ఒకవేళ పొలుసు ముక్కయు ఉండియుండును. ఏ యొడ్డుదో, ఏ కాలపుదో అది చెప్పియుండెడిది. “వ్రాయుడు బావగారూ, తెలిసినది తెలిసినట్లు, తెలియనిది తెలియనట్లు” అని దళసరి కాగితమును కత్తిరించి నా ముందు పెట్టిరి.

మామయ్య చీటీలనుండి విప్పిన నూలుదారములో ఒక జానెడు మిగిలియుండెను. దానితో కట్టిన చీటీలో ఇట్లు వ్రాసితిని: “ఎముక. జంతువు నిర్ణయము కాలేదు. స్థలము తెలియదు, ఆసిఫాబాదు, చెన్నూరు అడవులు, లేక ప్రాణహిత ఆవలి ఒడ్డు. సేకరించినది 1956కు ముందు. పైమట్టి ఆ సంవత్సరము చింతపండుతో తొలగింపబడినది. విరిగిన చివర గుంటలో ఎర్రమట్టి కొంచెము కలదు. కడుగరాదు.”