సూర్యుడే లైట్ బాక్స్

జూన్‌లో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉదయం 5 గంటలకే పొద్దు పొడుస్తుంది. డిసెంబర్‌లో సాయంత్రం 5 దాటితే దీపాలు వెలిగించాల్సిందే. విశాఖపట్నం నుంచి కొత్తగా దిగినవాళ్లకు గోడ గడియారం మీద అనుమానం రావడం సహజం. కానీ గడియారం తప్పేం లేదు. దేశమంతటికీ ఒకటే సమయం. దానికి ఆధారం కాకినాడకు దగ్గరగా సాగిపోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం శ్రీవిజయపురంగా పేరు మార్చిన ఈ రాజధాని పట్టణమేమో 92.7 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కేస్తే ఇక్కడ సూర్యుడు గడియారం కన్నా 40 నిమిషాలు ముందే నడుస్తాడు.

ఆఫీసులకు, బడులకు ఇది కాస్త చికాకు వ్యవహారం. కానీ ఇంటి పట్టున కూర్చుని జాకెట్ల మీద పూలు కుట్టి నాలుగు డబ్బులు చూసుకునే వారికి ఈ 40 నిమిషాలు అక్కరకొచ్చే సరుకు. ఎందుకంటే కుట్టుకు ముందు గీత ఉండాలి. గీతకు వెలుతురు కావాలి. అదీ మామూలు వెలుతురు కాదు, బట్టకు అవతలి నుంచి వచ్చే వెలుతురు.

కాగితం మీది డిజైన్‌ను బట్ట మీదికి దించడానికి వాడే సాధనం లైట్ బాక్స్. పేరు గొప్పగా ఉన్నా అందులో ఉండేది మూడే మూడు: ఒక పెట్టె, లోపల దీపం, పైన వెలుతురును అంతటా సమంగా పరిచే పాలరంగు పలక. దాని మీద డిజైన్ కాగితం, కాగితం మీద బట్ట. కింది నుంచి వచ్చే వెలుతురులో గీత బట్టలోంచి పైకి కనిపిస్తుంది. పెన్సిల్‌తో దాన్ని అనుసరిస్తే సరి. ఇప్పుడు పుస్తకమంత పలచటి ఎల్ఈడీ పలకలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అయితే బట్టల కొట్లో అడగ్గానే తీసిచ్చే వస్తువు కాదది. పైగా ద్వీపాలకు వచ్చే సరుకేదైనా ఓడో విమానమో ఎక్కాలి. చెన్నై నుంచైనా విశాఖ నుంచైనా మధ్యలో దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం. ఓడలో రెండున్నర రోజుల ప్రయాణం.

అసలు చిక్కు కూడా ఈ సముద్రంతోనే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జాకెట్టు గుడ్డ మీద గీత తప్పితే మరో గజం గుడ్డకు బజారుకు పరిగెత్తొచ్చు. అండమాన్‌లో పెళ్లి పట్టుచీరకు జోడీగా చెన్నై నుంచి తెచ్చుకున్న గుడ్డ పాడైతే సరిగ్గా అదే రంగు అబర్డీన్ బజార్‌లో దొరుకుతుందన్న భరోసా లేదు. మళ్లీ తెప్పించేలోగా ముహూర్తం దాటిపోవచ్చు. 'అక్కా, అచ్చం ఇలాగే కావాలి' అంటూ ఫోన్‌లో ఫొటో చూపించే గిరాకీకి జవాబు చెప్పుకోవాల్సింది కుట్టే మనిషే. అందుకే సూది పట్టడం కన్నా గీత దించడం దగ్గరే గుండె ఎక్కువ కొట్టుకుంటుంది.

ఈ పని తెలిసిన తెలుగువాళ్లకు ద్వీపాల్లో కొదవ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా నమోదైనవారు 13 శాతానికి పైనే, అంటే సుమారు 50 వేల మంది. వీరిలో చాలా కుటుంబాలు చేపల వేటకో కూలి పనికో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడ్డవి. తెలుగు మాధ్యమంలో సర్కారీ బడులూ ఉన్నాయి. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర తెలుగు మాట వినబడకుండా నాలుగడుగులు వేయడం కష్టం. ఊరి నుంచి భాషతోపాటు వచ్చిన అలవాట్లలో పెళ్లిజాకెట్టు మీది పనితనం కూడా ఒకటి.

ఇక వెలుతురు సంగతి. లైట్ బాక్స్ లేని ఇంట్లో అందరికీ మొదట తట్టేది కిటికీ అద్దం. డిజైన్ కాగితాన్ని టేపుతో అద్దానికి అంటించి, దాని మీద బట్టను బిగించి గీయడం కుట్టుపని నేర్పే ప్రతిచోటా చెప్పే చిట్కా. ద్వీపాల్లో దీనికో అడ్డంకి. భూకంపాల ముప్పు అత్యధికంగా ఉన్న అయిదో జోన్‌లోని ఈ నేల మీద చెక్క గోడలు, రేకు కప్పుల ఇళ్లు మామూలే. పాత ఇళ్ల కిటికీలకు చెక్క రెక్కలే తప్ప అద్దాలు ఉండాలని లేదు. అద్దం ఉన్నచోట కూడా నిలువుగా నిలబడి గీస్తే అరగంటలో భుజం లాగుతుంది. బట్ట తన బరువుకు కిందికి జారి, గుండ్రటి పువ్వు కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. పైకి ఎత్తి పట్టిన బాల్‌పెన్‌లో సిరా దిగదు. కాబట్టి కిటికీ మీద పెన్సిలే గతి.

ఇంతకన్నా మేలైన ఉపాయం పాత ఫొటో స్టూడియోల్లో ఉండేది. నెగెటివ్ మీది మచ్చలు సరిదిద్దే బల్లకు కొన్నిచోట్ల కరెంటు దీపమే ఉండేది కాదు. ఏటవాలు గాజుపలక కింద మొహం చూసుకునే అద్దం ఒకటి పెట్టి, కిటికీలోంచి వచ్చే పగటి వెలుతురును పైకి మళ్లించేవారు. ఇదే ఏర్పాటు ఇంట్లోనూ కుదురుతుంది. రెండు స్టూళ్ల మధ్య దళసరి గాజుపలక పరచాలి. అంచులకు టేపు చుట్టాలి, లేకపోతే చేయి తెగుతుంది. కింద నేల మీద అద్దాన్ని కిటికీ వైపు తిప్పి సుమారు 45 డిగ్రీల వాలుగా ఆనించాలి. గాజు మీద సన్నటి తెల్ల కాగితం ఒకటి వేస్తే వెలుతురు చెదిరి అంతటా పరుచుకుంటుంది. బల్ల ముందు కూర్చుని, పంచె కట్టు చెదరకుండా, బట్ట జారకుండా తాపీగా గీసుకోవచ్చు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే. వెనక వెలుతురు ఎంత ఎక్కువన్నది కాదు, ముందు వెలుతురు కన్నా ఎంత ఎక్కువన్నదే లెక్క. గదిలోని మిగతా కిటికీలు మూసి, తలుపు చేరవేస్తే మామూలు పొద్దుటి వెలుతురులోనే గీతలు స్పష్టంగా తేలతాయి. అన్నీ తెరిచిపెట్టి మిట్టమధ్యాహ్నం కూర్చుంటే బట్ట మీద పడే వెలుతురే గీతను మింగేస్తుంది. పొద్దున ఆరింటికల్లా బాగా తెల్లారిపోయే పోర్ట్‌బ్లెయిర్‌లో ఈ పనికి అనువైన వేళ అదే. వంట, బడి, రేవు హడావుడి మొదలయ్యేలోపు ఒక గంట దొరుకుతుంది. తూర్పు కిటికీలో సూర్యుడు నేరుగా కళ్లలో పడితే మాత్రం ఆ అద్దానికి తెల్ల పంచె ముక్క కట్టాలి. సూర్యుణ్ని చూస్తూ గీసే పని కళ్లకు మంచిది కాదు.

మరి వానాకాలంలో? ద్వీపాల్లో మే నుంచి డిసెంబర్ దాకా నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ పలకరిస్తాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. మబ్బు పడితే పని ఆగిపోతుందనుకుంటారు కానీ నిజానికి మబ్బు పట్టిన ఆకాశమే పెద్ద పాలరంగు పలక. ఎండలోలా ఒకచోట మిలమిల, ఒకచోట నీడ ఉండవు. పలచటి బట్టకు ఆ వెలుతురు సరిపోతుంది. వానాకాలంతో వచ్చే అసలు తంటా తేమ. కాగితం మెత్తబడి ముడుచుకుంటుంది. దానంతటదే మాయమయ్యే ఊదారంగు పెన్నుతో గీసిన గీత తేమ గాలిలో మరీ తొందరగా మాయమవుతుంది. సగం పువ్వు కుట్టేసరికి మిగతా సగం కనబడదు. నీళ్లతో పోయే నీలం పెన్నుకు మరో గండం ఉంది. గీత కడగకుండా ఇస్త్రీ పెట్టె తగిలిస్తే అది బట్టకు శాశ్వతంగా పట్టేస్తుంది. తేలిగ్గా గీసిన పెన్సిల్ గీత ఈ రెండింటికన్నా నమ్మకమైనది. దారం కింద దాగిపోతుంది కూడా.

చీకటి పడ్డాక కరెంటు దీపమే దిక్కు. ద్వీపాల కరెంటు తీరు వేరు. దేశపు గ్రిడ్‌తో తీగ సంబంధం లేదు. ఏ దీవి ఏర్పాటు ఆ దీవిదే. ప్రధాన ఆధారం డీజిల్ జనరేటర్లు. ఆ డీజిల్ సైతం సముద్రం దాటి రావాల్సిందే. 2020లో ఎన్ఎల్‌సీ ఇండియా దక్షిణ అండమాన్‌లో 20 మెగావాట్ల సౌర విద్యుత్ ప్రాజెక్టును బ్యాటరీ నిల్వతో సహా నెలకొల్పింది. పొద్దున గాజుపలక కింద అద్దం చేసే పనినే పెద్ద ఎత్తున చేయడమన్నమాట.

ఇంట్లో రాత్రి దీపానికి ఖర్చు ఓ లెక్కలోది కాదు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు గంటసేపు వెలిగినా యూనిట్‌లో నూరో వంతు కాలదు. దాని వెలుతురు పాత 60 వాట్ల బల్బుకు సాటి. అంతకన్నా ముఖ్యం, అంత వేడెక్కదు. పాత బల్బును పెట్టెలో మూస్తే గాజు పగిలేది, బట్ట కమిలేది. ఎల్ఈడీతో ఆ భయం తక్కువ. రేవులో చేపలకు వాడే థర్మకోల్ పెట్టెను శుభ్రంగా కడిగి ఆరబెడితే లోపలంతా తెలుపే కాబట్టి వెలుతురును బాగా తిప్పికొడుతుంది. అడుగున చిన్న ఎల్ఈడీ, థర్మకోల్‌కు తగలకుండా. పైన గాజుపలక, దాని మీద తెల్ల కాగితం. పక్కన గాలాడేందుకు చిన్న కన్నం. లైట్ బాక్స్ సిద్ధం. ఇనప ట్రంకు పెట్టె అయితే లోపల తెల్ల కాగితం అంటించాలి.

అయితే ఏ లైట్ బాక్సయినా ఓడిపోయే చోటు ఒకటుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్న ఖాదీ, ఆర్గంజా, జార్జెట్, లేతరంగు నూలు గుడ్డల్లోంచి వెలుతురు దూసుకొస్తుంది. ముదురు మెరూన్ పట్టు, వెల్వెట్, లైనింగ్ వేసిన గుడ్డల ముందు ఎంత దీపమైనా దండగే. అక్కడ పనికొచ్చేది చిల్లుల కాగితం. బటర్ పేపర్ మీద గీత పొడవునా సూదితో చిల్లులు పొడిచి, బట్ట మీద పరిచి, తెల్లపొడిని కిరసనాయిలులో కలిపి గుడ్డ ఉండతో అద్దుతారు. చిల్లులోంచి దిగిన చుక్కలే గీత. మగ్గం పని చేసేవారికి ఇది నిత్యకృత్యం. దీని చరిత్ర పెద్దది. 18వ శతాబ్దంలో కోరమాండల్ తీరపు అద్దకపు పనివాళ్లు చిల్లులు పొడిచిన కాగితం మీద బొగ్గుపొడి చల్లి డిజైన్ దించేవారని అప్పటి యూరోపియన్లు రాసిపెట్టారు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారైతే చింతబొగ్గు పుల్లతో నేరుగా గుడ్డ మీదే గీస్తారు. వెలుతురు దూరని చోట చిల్లు, రెండూ కుదరని చోట చేతివాటం.

మొదటి రెండు పద్ధతుల్లోనూ డిజైన్ మాత్రం మరొకరిదే. ఫోన్‌లోని ఫొటోను అచ్చు తీయించి, జిరాక్స్ షాపులో 141 శాతానికి పెంచితే ఏ4 కాగితం ఏ3 అవుతుంది. అలా పెరిగిన నెమలి, మామిడి పిందె, తామరపువ్వే ద్వీపాల జాకెట్ల మీద కూడా ఎక్కుతాయి. గాజుపలక ఇంకో పని కూడా చేయగలదని గుర్తొచ్చేది తక్కువ. దాని మీద ఆకును పెడితే ఆకు అంచూ ఈనెలూ బట్టలోంచి కనబడతాయి. అండమాన్ పడాక్ ఈ ద్వీపాల అధికారిక వృక్షం. 1883లో మొదలైన చాథం రంపపు మిల్లు పేరు చెబితే గుర్తొచ్చే ఎర్ర కలప దానిదే. రాలిన పడాక్ ఆకును ఏ డిజైన్ పుస్తకమూ అమ్మదు. పగడపు దిబ్బల కొమ్మల అల్లిక ఇంకా అందమైనదే కానీ పగడాన్ని తీరం నుంచి ఇంటికి తేవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దానికి ఫొటో చాలు.

గీత దిగాక గాజుపలకను గోడకు ఆనించి, బట్టను మగ్గానికి బిగించడమే. డిసెంబర్‌లో ఈ రెండు పనులూ మధ్యాహ్నం మూడున్నరలోపే ముగించుకోవడం మేలు. ఆ తర్వాత వెలుతురు పసుపెక్కి, ఎర్ర దారానికీ మెరూన్ దారానికీ తేడా కనబడదు.