లాటిన్‌లో దొరికిన తెలుగు

లాటిన్ నేర్చుకుంటున్నానంటే హాస్టల్లో మిత్రులు "ఉద్యోగం వస్తుందటోయ్?" అన్నారు. రాదు. కాని వచ్చింది మరొకటుంది, అదే చెబుతాను.

కర్తతో నిమిత్తం లేకుండా పనిని మాత్రమే చెప్పే క్రియారూపాన్ని ఇంగ్లీషు గ్రామరు 'ఇన్ఫినిటివ్' అంటుంది. లాటిన్‌లో వర్తమానానికి అది 'రె'తో ముగుస్తుంది: అమారె (ప్రేమించడం), మొనేరె (హెచ్చరించడం), రెగెరె (పాలించడం), ఔదీరె (వినడం). 'రె' ముందరి అచ్చును బట్టి క్రియ నాలుగు గణాల్లో దేనిదో తెలిసిపోతుంది. ఇంతవరకు బట్టీయం. ఎవరైనా పట్టగలరు.

'లెగెరె' అంటే చదవడం. 'లెగెరె పొస్సుం' అంటే చదవగలను. 'లెగెరె దేబెఓ' అంటే చదవవలెను. ఇక్కడ ఆగాను. మన 'చదవగలను'లో, 'చదవవలెను'లో, 'చదవలేను'లో ముందున్న ఆ 'చదవ' ఏమిటి? అదీ ఇన్ఫినిటివే! పుట్టినప్పటినుంచీ వాడుతున్న మాటను విడదీసి చూడడం రోమనుల భాష నేర్పింది.

అసలు చిక్కు పరోక్ష కథనంలో ఉంది. 'దీక్సిత్' అంటే 'చెప్పాడు' (మన దీక్షితులుగారు కాదు). దీక్సిత్ సే వెనీరె: తాను వస్తున్నానని చెప్పాడు. సే వేనిస్సె: వచ్చానని. సే వెంతూరుం ఎస్సె: వస్తానని. లాటిన్‌కు మన 'అని' లేదు. కర్తను ద్వితీయా విభక్తిలో పెట్టి, క్రియను ఇన్ఫినిటివ్ చేస్తుంది. మాటకు మాట పెడితే 'తన్ను రావడం చెప్పాడు' అన్నమాట.

ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటే ఇక్కడ తల తిరుగుతుంది. 'హి సెడ్ హి వజ్ కమింగ్' అంటూ అది లోపలి కాలాన్ని కూడా భూతంలోకి నెడుతుంది. పైగా ఆ రెండో 'హి' తానో, ఇంకొకడో తెలియదు. లాటిన్‌లో తానైతే 'సే', ఇంకొకడైతే 'ఎఉం'. మనకు తాను వేరు, వాడు వేరు. చెప్పిన క్షణానికి పని జరుగుతోందా, జరిగిందా, జరగబోతోందా అన్నదే రెండు భాషలూ చూస్తాయి. తెలుగులో ఆలోచిస్తే రూలే అక్కర్లేదు.

అన్నిచోట్లా ఈ చుట్టరికం చెల్లదు. మనం 'నేర్చుకోవడానికి వస్తాడు' అంటాం; ప్రామాణిక లాటిన్ వచనం అక్కడ ఇన్ఫినిటివ్‌ను రానివ్వదు, 'వెనిత్ ఉత్ దిస్కత్' అని వేరే వాక్యం కడుతుంది.

అయినా ఒకటి అడుగుతాను. ఏ విద్యకైనా ఇంగ్లీషు గుమ్మంలోంచే వెళ్లాలనీ, తెలుగు చెప్పులు బయట విడవాలనీ మనకెవరు చెప్పారు?