నల్లరేగడిపై ఇల్లు

గుంటూరు జిల్లాలో కృష్ణానదికి దక్షిణముగా తుళ్లూరు అను గ్రామము కలదు. ఏటి ఒడ్డున ఉన్న పల్లెలలోనివి ఒండ్రు నేలలు. నదిని విడిచి లోపలికి వచ్చిన కొలది నేల నల్లబడును. ప్రత్తికిని మిరపకును పేరుపడిన రేగడి యిది. ఈ మట్టి పైరునకు కన్నతల్లి. గోడకు మాత్రము సవతితల్లి.

రేగడిలోని సన్నని బంకమట్టి నీరు త్రాగి ఉబ్బును. ఎండకు ఆరి కుదించుకొనిపోవును. వైశాఖమున చేలలో కాలు దిగబడునంతటి నెర్రెలు విచ్చును. వానలు కురిసిన పిమ్మట ఆ నెర్రెలే పూడి, నేల పైకి లేచును. ఇట్టి నేలమీద కదలని ఇల్లు కట్టవలెను! ఒక ప్రక్క చూరునీరు ఇంకి, మరియొక ప్రక్క ఎండియున్నచో, గోడ ఒకవైపు లేచి మరియొకవైపు క్రుంగును. ద్వారబంధము మూలనుండి ఏటవాలుగా బీట బయలుదేరును. వానకాలమున తలుపు బిగిసినచో చెక్క ఉబ్బినదని అందరును అందురు. కొన్ని యిండ్లలో ఉబ్బినది చెక్క కాదు, క్రింది నేల.

పూర్వపు గృహస్థులు ఈ శాస్త్రము చదువలేదు. అయినను వారి యింటి భాగములను పరికించినచో వారికి మట్టి గుణము తెలియదని చెప్పలేము. పూరింటిలో కప్పు బరువు చాలవరకు నిట్రాళ్లు మోయును. మంటిగోడ కేవలము మరుగు. అది బీటలిచ్చినను కప్పు కూలదు. ఇల్లాలు మన్నును పేడయు కలిపి బీట పూడ్చి, పండుగకు సున్నము వేయును. పెంకుటిండ్లలో దూలములును వాసములును గోడలమీది కెక్కినవి. అప్పటినుండి గోడకు కష్టము వచ్చినది. అందుచే పునాది గోతిలోని నల్లమట్టిని ఎత్తివేసి, ఇసుకతో నింపి, నీరు పోసి దిమ్మిసతో కొట్టుదురు. ఇసుక తడిసినను ఉబ్బదు. కృష్ణ చెంతనే యుండగా దానికి కొదువ ఏమి?

వీధి అరుగును బాటసారి కొరకు కట్టిరని చెప్పుదురు. అది నిజమే. కాని గోడ మొదలు నంటి సాగిన అరుగు, చూరునీటిని పునాదికి దూరముగ కూడ పడవేయును. మండువా లోగిలి సంగతి మరింత విచిత్రము. నాలుగు వైపుల కప్పులును లోపలికే వాలును. వాననీరు నడిమి వాకిటనే పడును. రేగడి నేలలో ఇది సాహసమే. కనుకనే మండువాను బండలతో పరచి, నీరు నిలువక తూముగుండ వెలుపలికి పోవునట్లు వాలు పెట్టుదురు. తొలకరికి ముందే తూము శుభ్రము చేయించు గృహిణి, తాపీవానికంటె తక్కువ పని చేయుట లేదు.

ఇటుకయు సిమెంటును వచ్చిన పిమ్మట గోడ బిరుసెక్కినది. మంటిగోడవలె సర్దుకొనుట దానికి చేతకాదు. భూమిలో కొంత లోతు దిగినచో ఎండయు వానయు సోకని మట్టి తగులును. అచ్చటి తేమ ఏడాది పొడుగున ఇంచుమించు ఒకే తీరున ఉండును. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1950 దశకమున ఈ సూత్రముపై ఒక పునాది పద్ధతిని అభివృద్ధి చేసినది. పది పన్నెండడుగుల లోతు బోరు వేసి, అడుగున ఉల్లిగడ్డవలె వెడల్పు చేసి, ఇనుపకమ్ములుంచి కాంక్రీటు నింపుదురు. పైమట్టి ఉబ్బి పైకి లాగినను ఆ గడ్డ పట్టు విడువదు. ఈ స్తంభముల తలలను కలుపుచు దూలము పోసి, దానిపై గోడ లేపుదురు. దూలము క్రింద కొంత సందు విడుతురు. ఆ చోటు మట్టి ఉబ్బుటకు!

2015లో రాజధాని నిర్మాణము కొరకు ఈ ప్రాంతపు రైతులు ముప్పదివేల ఎకరములకు పైగా భూమిని సమీకరణలో ఇచ్చిరి. సచివాలయపు ఎత్తైన భవనములకు 2018 డిసెంబరులో రాఫ్టు పునాది, అనగా కట్టడము క్రిందంతట ఒకే పలకగా పరచు కాంక్రీటు, పోయ నారంభించిరి. 2019లో పనులు ఆగినవి. పునాది గుంటలలో ఏండ్ల తరబడి నీరు నిలిచినది. 2024 ఆగస్టులో మద్రాసు ఐ.ఐ.టి. నిపుణులు వచ్చి దాని పటిష్ఠతను పరిశీలించిరి. 2025 మే 2న రాజధాని పనులు మరల ప్రారంభమైనవి.

ఊరిలోని నివాసస్థలములు మాత్రము సమీకరణలో కలియలేదు. చేను ఇచ్చినవానికి ఇల్లు మిగిలినది. కాని ఆ యిల్లు చేనికొరకు కట్టినది గదా! ప్రత్తి నింపుటకు విడిచిన సావడి, మిరప టిక్కీలు పేర్చిన కొట్టు, ఎద్దుల పాక, గడ్డివామి దొడ్డి, ఇవన్నియు పని లేనివైనవి. పాక తీసి అద్దెగదులు వేయు వారును, పెంకు దించి అంతస్తులు లేపదలచు వారును కలరు. అట్టి యింటికి వచ్చిన తాపీమేస్త్రి మొదట పునాది ఎంత లోతని అడుగును. తాతగారు కట్టించినదని మాత్రమే ఇంటి పెద్ద చెప్పగలడు. అప్పుడు మేస్త్రి గోడ ప్రక్కన గొయ్యి త్రవ్వించి చూచును. ఇసుక తగిలినచో ఒక లెక్క. నల్లమట్టి తగిలినచో మరియొక లెక్క.