సున్నానికీ అలసట ఉంది

మా మేనల్లుడు ఏం పని చేస్తాడని సంబంధం మాట్లాడవచ్చినవాళ్లు అడిగితే మా అక్కయ్యకు ప్రాణసంకటం. పరిశోధన అంటే వాళ్లకు ఆనదు. "సున్నం కాలుస్తాడండీ" అనడానికి ఆవిడకు నోరు రాదు. నిజానికి వాడు చేసేది అదే.

సున్నపురాయిని కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు లేచిపోయి సున్నం మిగులుతుంది. గోడకు కొట్టిన సున్నం గాలిలోంచి ఆ వాయువునే మెల్లగా తిరిగి పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. ఈ పనినే బొగ్గు మండించే విద్యుత్కేంద్రాల పొగగొట్టం దగ్గర చేయిస్తారు. సుమారు 650 డిగ్రీల వేడిలో సున్నం పొగలోని వాయువును పట్టుకుంటుంది. 900 డిగ్రీలకు పోనిస్తే వదిలేస్తుంది. వదిలినదాన్ని భూగర్భంలో దాచి, సున్నాన్ని మళ్లీ పొగమీదికి తోలవచ్చు. స్పెయిన్‌లో లా పెరేదా విద్యుత్కేంద్రం పక్కన 2012లో ఇలాంటి చిన్న కర్మాగారం నడిపి చూశారు.

లెక్కప్రకారం కిలో సున్నం 785 గ్రాముల వాయువును పట్టాలి. ఎన్నాళ్లు పడుతుందన్నదే చిక్కు.

"మొదటిసారి ఏ సున్నమైనా బాగానే తాగుతుంది, మామయ్యా. యాభయ్యోసారి చూడాలి" అంటాడు వాడు. చిటికెడు పొడి త్రాసులో వేసి, మార్చి మార్చి వేడి పెంచుతూ, తగ్గిస్తూ రాత్రింబవళ్లు బరువు చూస్తుంటాడు. వాయువును పట్టినప్పుడు బరువెక్కాలి. చుట్లు తిరిగేకొద్దీ ఆ ఎక్కడం తగ్గిపోతుంది. వందలసార్లు తిరిగాక మామూలు సున్నానికి పదోవంతు సత్తువ కూడా మిగలకపోవచ్చు.

ఎందుకురా అంటే, మా పాతపరుపు చూపించాడు. కొత్తలో దూది నిండా సందులే. ఏళ్లతరబడి పడుకుంటే అణగి ఉండలు కడుతుంది. సున్నమూ అంతే. మాటిమాటికీ ఆ సెగ తగిలి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, వాయువు దూరే సన్నని సందులు పూడిపోతాయి. పొగలో గంధకం ఉంటే మరీ కష్టం. అది పట్టుకుందంటే ఆ వేడికి వదలదు.

"మరి దూది ఏకేవాణ్ణి పిలవరాదుట్రా?" అన్నాను వేళాకోళానికి. ఉన్నాడట! అలసిన సున్నానికి ఆవిరి పట్టిస్తే ఉబ్బి, పగిలి, కొత్తసందులు విచ్చుకుంటాయి. అయితే పగిలిన రేణువులు పిండై గాలికి కొట్టుకుపోతాయి. లేదా పాతసున్నం కొంత తీసేసి కొత్తరాయి వేస్తుండాలి. తీసింది సిమెంటుకు పనికొస్తుందిగాని, కొత్తరాయి తవ్వాలి, కాల్చాలి. ఖర్చంతా అక్కడే.

గాలిని శుభ్రంచేసే కొత్తపొడి కనిపెట్టారని పత్రికలో పడితే ఇప్పుడు నేను వార్త చివరిదాకా వెతుకుతాను, ఎన్ని చుట్లు తిప్పారో రాశారేమోనని. చాలావాటిలో మొదటిరోజు ముచ్చటే ఉంటుంది.

మావాడి పొడి మొన్నటికి నూరు చుట్లు దాటింది. ఇంకా త్రాసులోంచి తియ్యలేదు.